పార్టుకి ఇస్తాం, పరీక్షకి ఇవ్వం

యాక్సిలరేటర్ తొక్కగానే కారు ముందుకి దూకకుండా ఒక్క క్షణం ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు అప్పుడు కదులుతోందా? "పికప్ లేదు", "జర్క్ ఇస్తోంది", "మిస్సింగ్ కొడుతోంది"... పేర్లు ఎన్నున్నా జబ్బు ఒకటే. ఈ జబ్బుకి మన దగ్గర జరిగే వైద్యం మీద నాకో గట్టి అభిప్రాయం ఉంది. రోగం కనుక్కున్నవాడికి మనం డబ్బులివ్వం. పార్టు మార్చినవాడికి కిక్కురుమనకుండా ఇస్తాం. అందుకే మనకి పార్టులు మార్చేవాళ్ళే దొరుకుతున్నారు. తప్పు వాళ్ళది కొంత, మనది చాలా.

ఇదేమీ చిన్న విషయం కాదు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేటప్పుడు వెనక నుంచి వంద మీద లారీ వస్తుంటే, మీ బండి ఆ ఒక్క క్షణం ఆలోచిస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు కదా.

ముందు అసలు ఆ క్షణంలో ఇంజన్లో ఏం జరుగుతుందో చూద్దాం. మీరు పెడల్ నొక్కగానే థ్రాటిల్ తెరుచుకుని గాలి ఒక్కసారిగా లోపలికి దూసుకొస్తుంది. గాలికి బరువు తక్కువ, వెంటనే వచ్చేస్తుంది. పెట్రోలు అలా కాదు. మామూలు పోర్ట్ ఇంజెక్షన్ ఇంజన్లో చల్లిన పెట్రోల్లో కొంత ఇన్‌టేక్ గోడలకి తడిలా అంటుకుని కాస్త ఆలస్యంగా లోపలికి పోతుంది. అందుకే ఆ క్షణంలో ఈసీయూ కావాలనే కొంచెం ఎక్కువ పెట్రోలు కొడుతుంది. పాత కార్బురేటర్ బళ్ళలో ఇదే పనికి ఓ చిన్న యాక్సిలరేటర్ పంపు ఉండేది. ఆ అదనపు పెట్రోలు సమయానికి అందకపోతే మిశ్రమం పలచబడి ఇంజన్ తడబడుతుంది. నిప్పు సరిగ్గా పడకపోయినా తడబడుతుంది. పొగ బయటికి పోయే దారి మూసుకుపోయినా తడబడుతుంది. అంటే గాలి, పెట్రోలు, నిప్పు, పొగగొట్టం, వీటన్నిటినీ కొలిచే సెన్సర్లు... అనుమానితుల జాబితా ఇంత పొడుగు. ఇంత జాబితా ఉన్నచోట ఊహతో పార్టు మార్చడమంటే గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

ఇక నా సొంత కేసు. 2014 మోడల్ పెట్రోలు హ్యాచ్‌బ్యాక్, ఎనభై వేల కిలోమీటర్లు తిరిగింది. 2025 ఆగస్టులో మొదలైంది గోల. ఖాళీగా ఉన్నప్పుడు ఇంజన్ చక్కగా తిరుగుతుంది. అరవై మీద నిలకడగా పోతే ఏ ఇబ్బందీ లేదు. మూడో గేరులో రెండువేల ఆర్‌పీఎం దగ్గర గట్టిగా తొక్కితే మాత్రం ముప్పావు సెకను నిద్రపోయి ఆ తర్వాత లేస్తుంది. ఏసీ వేసి ఫ్లైఓవర్ ఎక్కితే ఇంకాస్త ఎక్కువ. ఆర్‌పీఎం ముల్లు కూడా లేవడం లేదు కాబట్టి క్లచ్ జారడం కాదు. క్లచ్ జారితే ముల్లు లేస్తుంది, బండి లేవదు. పది రోజులకి డ్యాష్‌బోర్డులో చెక్ ఇంజన్ లైటు వెలిగింది.

ఒక పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్ళాను. పేరు అనవసరం, ఈ విషయంలో అందరిదీ ఒకే దారి. స్కానర్ పెట్టారు. కోడ్ పి0171. అంటే మిశ్రమంలో పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అని. రెండు నిమిషాల్లో అంచనా కాగితం చేతికొచ్చింది. ఆక్సిజన్ సెన్సర్, స్పార్క్ ప్లగ్గులు, ఇంజెక్టర్ క్లీనింగ్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్. వెరసి 18,600 రూపాయలు.

"వీటిలో ఏది చెడిపోయిందని తేలిందండీ?" అని అడిగాను.

"సర్, ఈ కోడ్‌కి సాధారణంగా ఇవే ఉంటాయండి. ముందు ఇవి మార్చి చూద్దాం. తగ్గకపోతే ఫ్యూయల్ పంపు చూద్దాం."

"కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ ఉండాలి కదా, అది చూశారా?"

"కోడ్ క్లియర్ చేసేశాం సర్. లైటు పోయింది చూడండి!"

మనవాళ్ళకి ఇక్కడ నవ్వాలో ఏడవాలో అర్థమైపోయి ఉంటుంది :) ఫ్రీజ్ ఫ్రేమ్ అంటే కోడ్ పడ్డ క్షణంలో ఆర్‌పీఎం ఎంత, లోడ్ ఎంత, కూలెంట్ వేడి ఎంత, బండి వేగం ఎంత అని ఈసీయూ తీసి దాచుకున్న ఫొటో. మన భాషలో చెప్పాలంటే కోర్ డంప్. కోడ్ క్లియర్ చేస్తే అదీ పోతుంది, ఫ్యూయల్ ట్రిమ్ నేర్చుకున్న లెక్కలూ చాలా బళ్ళలో పోతాయి. ప్రొడక్షన్ సర్వర్ పడిపోతే లాగులన్నీ చెరిపేసి, రీస్టార్ట్ చేసి, "చూడండి సర్, ఎర్రర్ లేదు" అన్నట్టు.

ఇంకో మాట. పి0171 అనేది లక్షణం పేరు, పార్టు పేరు కాదు. జ్వరం 103 ఉందంటే థర్మామీటరు మార్చాలని కాదు కదా. పెట్రోలు తక్కువగా ఉందని చెప్పింది ఆక్సిజన్ సెన్సరే. మొదట దాన్నే మార్చేస్తామంటే, ఇల్లు అంటుకుందని అరిచిన వాచ్‌మన్‌ని ఉద్యోగంలోంచి తీసేసినట్టుంది.

కాగితం జేబులో పెట్టుకుని బయటికొచ్చేశాను.

మన దేశంలో పెట్రోలు కార్లకి ఓబీడీ రెండో దశ 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది. కాబట్టి ఆ తర్వాత వచ్చిన బళ్ళలో స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. దానికి ఈఎల్‌ఎం327 తరహా బ్లూటూత్ అడాప్టర్ తగిలిస్తే ఫోనులో రీడింగులు వస్తాయి. ప్రోటోకాల్ మన వాళ్ళకి చిన్నపిల్లల ఆట. 01 06 అని అడిగితే షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, 01 07 అని అడిగితే లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, ఒక్కో బైటుగా వస్తాయి. ఆ బైటులోంచి 128 తీసేసి, వందతో గుణించి, 128తో భాగిస్తే శాతం. సున్నా అంటే ఈసీయూ లెక్క సరిగ్గా సరిపోయింది. ప్లస్ పది అంటే తన పట్టికలో ఉన్నదానికన్నా పది శాతం ఎక్కువ పెట్రోలు కొట్టాల్సి వస్తోందని అర్థం.

ఒక్క సంఖ్యతో ఏమీ తేలదు. అది ఏ పరిస్థితిలో ఎంత అన్నదే అసలు సంగతి:

ఐడిల్‌లో ప్లస్ బాగా ఎక్కువగా ఉండి, రేస్ చేస్తే తగ్గితే, ఎక్కడో లెక్కలోకి రాని గాలి దూరుతోంది. ముఖ్యంగా గాలిని తూచే మాఫ్ సెన్సర్ ఉన్న బళ్ళలో. చిల్లు సైజు మారదు. గాలి తక్కువ లాగే ఐడిల్‌లో దాని వాటా ఎక్కువ, గాలి ఎక్కువ లాగేటప్పుడు తక్కువ.

ఐడిల్‌లో మామూలుగా ఉండి, లోడ్ పెరిగేకొద్దీ ప్లస్ పెరిగితే, పెట్రోలు సరఫరా చాలడం లేదు. లేదా మాఫ్ సెన్సర్ మురికిపట్టి ఎక్కువ గాలిని తక్కువగా చూపిస్తోంది.

అన్నిచోట్లా ఒకేలా కొంచెం ప్లస్ ఉంటే, పెట్రోలు రకమే మారి ఉండొచ్చు.

ట్రిమ్ అంతా బాగానే ఉండి బండి తడబడుతుంటే, ప్లగ్గులు, కాయిల్స్ వైపు చూడాలి. లోడ్ పెరిగితే సిలిండర్లో ఒత్తిడి పెరుగుతుంది, నిప్పురవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. బలహీనమైన కాయిల్ సరిగ్గా అప్పుడే చేతులెత్తేస్తుంది.

ఆదివారం పొద్దున్నే మా బావమరిది బండి నడిపాడు, నేను పక్కసీట్లో ఫోను పట్టుకుని కూర్చున్నాను. (డ్రైవ్ చేస్తూ ఫోను చూసే పని ఎవరూ పెట్టుకోకండి దయచేసి.) పెడల్ పూర్తిగా తొక్కితే ఈసీయూ ట్రిమ్ లెక్కల్ని పక్కన పెట్టేస్తుంది కాబట్టి, మూడో గేరులో సగం పైన మాత్రమే తొక్కి ఫ్లైఓవర్ ఎక్కించాం. రెండు ట్రిమ్‌లూ కలిపితే ఐడిల్‌లో ప్లస్ 5, అరవై మీద ప్లస్ 6, ఎక్కుడులో ప్లస్ 22. ఆక్సిజన్ సెన్సర్ ఐడిల్‌లో 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగుతోంది, పెడల్ వదిలేస్తే దాదాపు సున్నాకి పడిపోతోంది. అంటే దానికి ఏ రోగమూ లేదు. మా బండికి మాఫ్ సెన్సర్ లేదు, మానిఫోల్డ్ ఒత్తిడి చూసే రకం. ఇక మిగిలింది పెట్రోలు సరఫరా.

ఆ నెలలో దేశమంతా ఇ20 పెట్రోలు మీద పెద్ద చర్చ నడుస్తోంది. మా అపార్ట్‌మెంట్లో కూడా "అంతా ఇథనాల్ మహిమ" అని తీర్పు ఇచ్చేశారు. దాన్నీ లెక్క కట్టొచ్చు. శుద్ధమైన పెట్రోలుకి గాలి నిష్పత్తి 14.7. పది శాతం ఇథనాల్ కలిస్తే సుమారు 14.1, ఇరవై శాతం కలిస్తే సుమారు 13.5. పది నుంచి ఇరవైకి పోతే అదే గాలికి పెట్రోలు నాలుగైదు శాతం ఎక్కువ కావాలి. అది అన్నిచోట్లా ఒకేలా ఉండాలి. నాకు అన్నిచోట్లా కనిపిస్తున్న ప్లస్ 5 అదేనని నా అంచనా. ఎక్కుడులో కనిపించిన 22 మాత్రం ఇథనాల్ ఖాతాలో పడదు. ఇ20 మీద ఎవరి అభిప్రాయం వారిది, కాదనను. కానీ కొలవకుండా దాని మీదకి తోసేస్తే అసలు దొంగ హాయిగా తిరుగుతుంటాడు.

పెట్రోలు ప్రెషర్ చూడటం మాత్రం ఇంట్లో చేసే పని కాదు. ఇంజన్ ఆగినా లైన్లో ఒత్తిడి ఉంటుంది, వేడి ఇంజన్ మీద పెట్రోలు చిమ్మితే ప్రాణం మీదకొస్తుంది. మియాపూర్ వైపు ఒక చిన్న షెడ్డులో పనిచేసే ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళాను. నేను రాసుకున్న మూడు అంకెలు చూపించాను. ఆయన ఇంజన్ దాకా కూడా పోలేదు, ముందు కాగితం చూసి, "లోడ్ల మాత్రమే వస్తుంది గద సార్, లోడ్ల పెట్టే చూడాలె" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆయనకి దణ్ణం పెట్టాలనిపించింది.

ప్రెషర్ గేజ్ కట్టి, దాని గొట్టాన్ని బానెట్ సందులోంచి బయటికి తెచ్చి, అద్దం మీద కనబడేలా టేపు వేశాడు. ఐడిల్‌లో 3.5 బార్. అదే ఎక్కుడులో తొక్కగానే 2.3కి పడిపోయింది. ఇంజెక్టర్లోంచి వచ్చే పెట్రోలు ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. 2.3ని 3.5తో భాగించి వర్గమూలం తీస్తే 0.81. అంటే 19 శాతం తక్కువ. దాన్ని పూడ్చాలంటే ఇంజెక్టర్ 23 శాతం ఎక్కువసేపు తెరిచి ఉండాలి. ఫోనులో కనిపించింది 22! రెండు వేర్వేరు పరికరాలు ఒకే కథ చెప్పినప్పుడు వచ్చే తృప్తి ఉంది చూశారూ, అది డీబగ్గింగ్ చేసేవాళ్ళకే తెలుస్తుంది. తొక్కగానే ఒక క్షణం ఆగడం కూడా దీంతో తేలిపోయింది. ట్రిమ్ ఆ కొరతని కనిపెట్టి సర్దుకునేలోపు పోయే సమయమే ఆ ముప్పావు సెకను.

ఇక్కడ ఎవరైనా ఏం చేస్తారు? పంపు మార్చేస్తారు. అప్పటికి ఆ పార్టు ధర తొమ్మిది వేలు చెప్పారు. పైగా అది తప్పు కూడా అనిపించదు, ప్రెషర్ తక్కువని కొలిచి మరీ చూశాం కదా. ఈయన మాత్రం వెనక సీటు ఎత్తి, పంపు నడుస్తుండగానే కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టాడు. బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు, పంపు దగ్గర 11.6. మధ్యలో రెండున్నర వోల్టులు ఎటు పోయాయి? ప్లస్ వైపు 0.3. ఎర్త్ వైపు 2.2.

"పంపు మంచిగనే ఉంది సార్. పాపం దానికి తిండే పోతలేదు."

కార్పెట్ కింద బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు దగ్గర తుప్పు. అయిదు ఆంపియర్ల కరెంటుకి 2.2 వోల్టులు పోతున్నాయంటే అక్కడ అడ్డం కేవలం 0.44 ఓములు. కరెంటు ఆపేసి మామూలు మల్టీమీటర్‌తో చూస్తే దాని వైర్ల సొంత రెసిస్టెన్సే దాదాపు అంత ఉంటుంది, కాబట్టి "అంతా ఓకే" అనిపిస్తుంది. కరెంటు పారుతున్నప్పుడు కొలిస్తేనే దొరుకుతుంది. ఖాళీ సర్వర్ మీద పరీక్ష పెట్టి పాస్ అయిందంటే ఏమీ తేలనట్టే. ఐడిల్‌లో ఇంజన్‌కి కావలసిన పెట్రోలు బాగా తక్కువ, నీరసంగా తిరిగినా పంపు అది అందించేస్తుంది. లోడ్ పడితేనే బండారం బయటపడుతుంది.

తుప్పు గీకి, కొత్త లగ్గు వేసి, గ్రీజు రాసి బిగించాడు. ఎర్త్ వైపు నష్టం 0.1కి దిగింది. ఎక్కుడులో ప్రెషర్ 3.4. నాలుగు రోజులు తిరిగాక ట్రిమ్ చూస్తే 5, 6, 6. పికప్ కొత్త బండిలా ఉంది. సదరు 18,600 కాగితంలోని పార్టుల్లో ఒక్కటీ మార్చలేదు. అవన్నీ మార్చి, ఆపైన పంపు కూడా మార్చి ఉంటే కొత్త పంపు కూడా అదే తుప్పు ఎర్త్ మీద ఆకలితో తిరిగేది.

ఇంతకీ బిల్లు ఎంతంటారా? దాదాపు రెండు గంటలు పనిచేసి ఆయన అడిగింది అయిదు వందలు. పదిహేను వందలు ఇస్తే మొహమాటపడ్డాడు. "వైరు గీకినందుకు అయిదొందలా అని లొల్లి వెడతరు సార్ మస్తుమంది. పంపు ఏస్తే పదివేలైనా ఇస్తరు" అన్నాడు.

అదండీ అసలు రోగం. ఇంటికొచ్చి చెబితే పక్క ఫ్లాటాయన కూడా అదే మాట: "ఒక బోల్టు తుడిచినందుకు పదిహేను వందలు ఇచ్చావా?" ఆయన వృత్తిరీత్యా ఆర్కిటెక్టు, సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టు. ఆయన గంటకి క్లయింటుకి పడే బిల్లు ఎంతో నాకు తెలుసు.

మనలో మన మాట. మూడు రోజులు లాగులు తవ్వి, చివరికి ఒక్క లైను మారిస్తే, "ఒక్క లైనుకి మూడు రోజులా?" అని మేనేజర్ అంటే మనకి ఒళ్ళు మండిపోదూ? లైను మార్చడానికి కాదయ్యా, ఏ లైనో కనుక్కోవడానికి పట్టింది మూడు రోజులు అని క్యాంటీన్లో గంటసేపు తిట్టుకుంటాం. అదే న్యాయం షెడ్డు దగ్గర ఎందుకు గుర్తురాదు? ఆయన చేసింది బోల్టు తుడవడం కాదు. నాలుగు పార్టులు, ఒక పంపు నిర్దోషులని రుజువు చేయడం. కొండను తవ్వి ఎలుకను పట్టారని మనం వెటకారంగా అంటాం కానీ, ఎలుక కోసమే వెతుకుతున్నప్పుడు దాన్ని పట్టినవాడే మొనగాడు.

వర్క్‌షాపు వాళ్ళని విలన్లుగా చూపించడం నా ఉద్దేశం కాదు. అక్కడ ఒక్కో బండికి దొరికే సమయం తక్కువ. రెండు గంటలు వెతికి "ఎర్త్ లూజు" అని చెబితే కస్టమర్ డబ్బులివ్వడు. పార్టు వేస్తే ఇస్తాడు, వారంటీ కాగితం కూడా చేతికొస్తుంది. అలాంటప్పుడు తెలివైనవాడు ఏది నేర్చుకుంటాడు? ఓమ్స్ లా నేర్చుకున్నవాడికి అయిదొందలు, పార్టు నంబర్లు బట్టీ పట్టినవాడికి పదివేలు అయితే, ఇంకో పదేళ్ళకి ఓమ్స్ లా వచ్చినవాడు ఆ షెడ్డులో మిగలడు.

అన్నీ కొలిచే మార్చాలని చాదస్తంగా చెప్పడం లేదు. ప్లగ్గులకి, ఎయిర్ ఫిల్టర్‌కి మాన్యువల్లో కిలోమీటర్లు రాసి ఉంటాయి, గడువు దాటితే మార్చేయాల్సిందే. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే రీస్టార్ట్ చేయడమూ తప్పు కాదు, ముందు లాగులు దాచుకుని చేస్తే. ప్రథమ చికిత్స వేరు, వైద్యం వేరు, అంతే.

నా మట్టుకు నేను చెప్పేది ఇదే. ఈసారి బండి ఇచ్చేటప్పుడు "ఎంతవుతుంది?" అని కాకుండా, "రోగం కనుక్కోవడానికి ఎంత తీసుకుంటారు?" అని అడగండి. ఆ డబ్బు విడిగా ఇస్తానని ముందే చెప్పండి, పార్టు ఏదీ మార్చక్కర్లేదని తేలినా సరే. ఇక మూడు ప్రశ్నలు. కోడ్ చెరిపేముందు ఫ్రీజ్ ఫ్రేమ్ నాకు ఇస్తారా? ఈ పార్టు చెడిపోయిందని చెప్పిన రీడింగ్ ఏది? మార్చాక ఆ రీడింగ్ ఎంతకి రావాలి? మూడోదానికి జవాబు లేకపోతే ఆ పార్టు కొనకండి. అది వైద్యం కాదు, లాటరీ.

జవాబు చెప్పగలిగినవాడు దొరికితే మాత్రం బేరమాడకండి. ఆ అడిగే అయిదొందలు చాలా తక్కువ. ఏమంటారు?